మెటాలిక్ వాల్‌పేపర్: ఇంటి గోడ మీద లోహపు మెరుపు

లోహపు మెరుపున్న గోడకాగితాన్ని మెటాలిక్ వాల్‌పేపర్ అంటారు. కాగితం మీద గానీ, నారను నేయకుండా అదిమి చేసిన నాన్‌వోవెన్ పొర మీద గానీ పలుచటి లోహపు రేకునో, లోహం పూసిన ప్లాస్టిక్ పొరనో, మెరుపు పొడి కలిపిన రంగునో ఎక్కించి దీన్ని తయారుచేస్తారు. బంగారు, వెండి, రాగి, కంచు ఛాయలకు గిరాకీ ఎక్కువ. పడగ్గదిలో మంచం తలవైపు గోడకు, హాల్లో సోఫా వెనక గోడకు, భోజనాల బల్ల పక్క గోడకు తరచుగా అంటిస్తుంటారు.

మామూలు వాల్‌పేపర్ తన మీద పడిన వెలుగును అన్ని వైపులకూ చెదరగొడుతుంది. అందువల్ల గోడలోని చిన్న చిన్న ఎత్తుపల్లాలు కంటికి ఆనవు. లోహపు పొర అలా కాదు. పడిన వెలుగును ఒకే దిక్కుకు తిప్పి పంపుతుంది. గోడ మీద ఇసుక రేణువంత బుడిపె మిగిలినా దాని చుట్టూ మెరుపు వంకర తిరిగి, వాకిట్లో నిలబడ్డవాళ్లకు కూడా కనిపిస్తుంది. ఈ కాగితం అందమూ, దీన్ని అంటించడంలోని కష్టమూ ఈ ఒక్క గుణం నుంచే పుట్టాయి. అనుభవమున్న పనివాళ్లు పాటించే జాగ్రత్తలు పైకి చాదస్తంలా అనిపించినా, దాదాపు ప్రతిదాని వెనకా ఈ కారణమే ఉంటుంది.

పసిడి తోలు, తగరపు కాగితం

యూరప్‌లో గోడలకు లోహకాంతి తోలు మీదుగా వచ్చింది. స్పెయిన్‌లోని కోర్డోబా పేరుతో ప్రసిద్ధి పొందిన పసిడి తోలును 16, 17 శతాబ్దాల్లో సంపన్నులు తమ గదుల గోడలకు దిగ్గొట్టించుకునేవారు. తోలు మీద అతికించేది వెండి రేకు. దాని మీద పసుపు ఛాయ ఉన్న వార్నిష్ పూస్తే చూసేవాళ్లకు బంగారంలా తోచేది. తరువాతి కాలంలో ఈ పని మెహెలెన్, ఆమ్‌స్టర్‌డామ్ వంటి ఉత్తరాది పట్టణాలకు పాకింది. అక్కడివాళ్లు తోలును అచ్చుల్లో నొక్కి పూలు, తీగలు, పండ్లు ఉబ్బెత్తుగా తేల్చారు. జర్మనీలో డ్రెస్డెన్ దగ్గరున్న మోరిట్స్‌బుర్గ్ కోటలో అలాంటి తోలు గోడలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

లండన్‌లో ఫ్రెడరిక్ లేలాండ్ అనే ఓడల వ్యాపారి భోజనశాలకు కూడా తోలే అంటించారు. జేమ్స్ విస్లర్ అనే చిత్రకారుడు 1876, 77 సంవత్సరాల్లో ఆ విలువైన తోలును ముదురు నీలం రంగుతో కప్పేసి, బంగారు రంగుతో నెమళ్లు గీశాడు. ఇంటి యజమానికీ చిత్రకారుడికీ డబ్బు దగ్గర పెద్ద తగవు వచ్చింది. గది మాత్రం బతికిపోయింది. నెమలి గదిగా పేరుపొంది ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో ఉంది. నీలం మీద పలుచటి లోహపు మెరుపు ఎంత లోతుగా కనిపిస్తుందో తెలుసుకోవాలంటే దానికి మించిన ఉదాహరణ లేదు.

తోలు పనిని కాగితంలోకి అతి చక్కగా దించినవాళ్లు జపాన్ పనివాళ్లు. కింకరకవకమి అనే ఆ గోడకాగితం 1873లో వియన్నా ప్రపంచ ప్రదర్శనకు వెళ్లింది. తరువాత యూరప్ ఇళ్లకూ భవనాలకూ విరివిగా ఎగుమతి అయింది. తయారీ తీరు ఓపికకు పరీక్ష. చేతితో చేసిన వాషి కాగితాన్ని పొరలుగా అతికించి, పైన ఎక్కువగా తగరపు రేకు పరుస్తారు. తడిగా ఉండగానే దాన్ని బొమ్మలు చెక్కిన కర్ర రోలరుకు చుట్టి, గట్టి బ్రష్షుతో బాదుతూ పోతారు. చెక్కడంలోని ప్రతి గీతలోకీ కాగితం దిగాలి. ఆరాక వార్నిష్ పూస్తే తెల్లటి తగరం పసుపు తిరుగుతుంది. ఆ తరువాత రంగులు వేస్తారు. తోలు మీద వెండి చేసిన పనిని ఇక్కడ కాగితం మీద తగరం చేసిందన్నమాట. 20వ శతాబ్దంలో మరుగున పడిన ఈ విద్యను 1980ల్లో ఉయెదా తకాషి తిరిగి సాధించారు. టోక్యోలో జోసయ్య కాండర్ రూపకల్పనతో 1896లో కట్టిన ఇవాసాకి భవనంలో అలా మళ్లీ చేసిన కాగితాన్ని గోడలకు చూడవచ్చు.

తేయాకు పెట్టెల లోపల పరిచే కాగితం నుంచి కూడా ఒక ఫ్యాషన్ పుట్టింది. చైనా, జపాన్ కాగితాల మీద వెండి, బంగారు ఛాయ రేకులను చతురస్రాలుగా అతికించేవారు. ఒక రేకు అంచు మరో రేకు మీదికి ఎక్కి, గోడంతా సన్నని గళ్లు ఏర్పడేవి. చేతిపనిలో తప్పనిసరిగా పడిన ఆ గళ్లను ఇప్పటి ఫ్యాక్టరీ కాగితాలు కావాలనే అచ్చేస్తున్నాయి.

అచ్చుయంత్రాలు వచ్చాక రేకు బదులు పొడి ప్రధానమైంది. ఉక్కు తయారీతో పేరొందిన హెన్రీ బెస్సెమర్ తొలి సంపాదన ఇత్తడి పొడి మీదే. 1840ల్లో ఆయన తన అక్కగారి చిత్రాల ఆల్బం మీద అక్షరాలకు బంగారు రంగు పొడి కొనబోయి, ధర విని ఆశ్చర్యపోయాడు. ఔన్సుకు ఏడు షిల్లింగులు. లోహం చవక, దాన్ని చేత్తో దంచి పొడిచేసే కూలీయే ఖరీదు అని అర్థం చేసుకుని యంత్రాలు కట్టాడు. పేటెంటు తీసుకుంటే గుట్టు బయటపడుతుందని, బావమరుదుల్ని పనిలో పెట్టుకుని దశాబ్దాల పాటు రహస్యంగా నడిపాడు. ఉక్కు ప్రయోగాలకు పెట్టుబడి అక్కడి నుంచే వచ్చింది. గోడకాగితాల మీద పసిడి గీతలు సామాన్యుల ఇళ్లకు చేరింది కూడా ఇలాంటి చవక పొడి వల్లనే. అయితే ఇత్తడి పొడిలో రాగి ఉంటుంది. గాలి తగిలి కొన్నాళ్లకు నల్లబడేది. పాత భవనాల్లో మిగిలిన కాగితాల మీద గోధుమ రంగులో కనిపించే గీతలు చాలాచోట్ల ఒకప్పుడు బంగారంలా మెరిసినవే.

ఇప్పటి రూపానికి దారి వేసింది అల్యూమినియం. 1950ల్లో గట్టి పాలియెస్టర్ పొర వాడుకలోకి వచ్చింది, దాని మీద అల్యూమినియం పూయడం సులువైంది. 1964లో న్యూయార్క్‌లో చిత్రకారుడు ఆండీ వార్హోల్ స్టూడియోను ఆయన సహచరుడు బిల్లీ నేమ్ వెండి రంగుతో, అల్యూమినియం రేకుతో నింపేశాడు. అది అంతరిక్ష యాత్రల కాలం, వెండి రంగు రేపటి రంగుగా తోచిన కాలం. 1970ల్లో అమెరికా, యూరప్ ఇళ్లలో ఫాయిల్ వాల్‌పేపర్ వెల్లువెత్తింది. పెద్ద పెద్ద పూలు, రేఖాకృతులు, అద్దంలా మెరిసే నేపథ్యం అప్పటి పద్ధతి. ఆ మోజు తగ్గి, ఈ శతాబ్దంలో మసక మెరుపుతో, గీతలు పడ్డ లోహపు పలకలా, పట్టుబట్టలా కనిపించే రకాలతో మళ్లీ వచ్చింది.

తెలుగు ఇళ్లలో గోడకు సున్నమే సంప్రదాయం. గాలిలో తేమ, వానాకాలపు చెమ్మ, ఏటేటా వెల్ల వేసుకునే అలవాటు, వీటి మధ్య కాగితానికి చోటు దొరకలేదు. అపార్ట్‌మెంట్లు, లప్పం పెట్టిన నున్నటి గోడలు వచ్చాకే వాల్‌పేపర్ ఇంటి సామాన్లలో చేరింది. లోహపు రేకు మాత్రం మనకు కొత్త కాదు. హైదరాబాద్ పాతబస్తీలో సుత్తులతో కొట్టి పలుచన చేసిన వెండి వరఖ్ మిఠాయిల మీదా, కిళ్లీల మీదా ఎన్నో తరాలుగా మెరుస్తూనే ఉంది.

రకాలు

నిజమైన ఫాయిల్ రకంలో అల్యూమినియం రేకునే కాగితానికి అతికిస్తారు. మెరుపు అన్నిటికన్నా ఎక్కువ, మడత పడితే బాగుచేసే వీలు అన్నిటికన్నా తక్కువ. వేలితో గట్టిగా నొక్కినా గుంట మిగులుతుంది.

రెండోది మెటలైజ్డ్ పొర. గాలి తీసేసిన గదిలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి, కదిలిపోతున్న పాలియెస్టర్ పొర మీద పట్టేలా చేస్తారు. ఆ పూత మిల్లీమీటరులో ఇరవై వేలో వంతు ఉంటుంది, అంతే. బంగారు ఛాయ కావాలంటే దాని మీద పసుపు లక్క పూత వేస్తారు. కోర్డోబా పనివాడి ఉపాయమే ఇక్కడా పనిచేస్తోంది.

మూడోది, ఇళ్లకు ఎక్కువగా అమ్ముడుపోయేది, మెరుపు రంగుతో అచ్చువేసిన రకం. ఆ రంగులో అల్యూమినియం రజను గానీ, టైటానియం డయాక్సైడ్ పూత పెట్టిన అభ్రకం పలుకులు గానీ ఉంటాయి. గూడూరు ప్రాంతపు గనుల వల్ల నెల్లూరు సీమవాళ్లకు అభ్రకం చిన్నప్పటి నుంచీ తెలిసిన వస్తువే. పొరలు పొరలుగా ఊడివచ్చే గుణం వల్లనే అది పలుచటి పలుకులుగా విడిపోతుంది, పలుకు అద్దంలా పనిచేస్తుంది. ఈ రకం మెరుపు మెత్తగా ఉంటుంది, గోడ లోపాలను కొంతవరకు క్షమిస్తుంది. మొదటిసారి మెటాలిక్ వాల్‌పేపర్ వేయించుకునేవారికి నాన్‌వోవెన్ వెనకపొర ఉన్న ఈ రకమే నయం. చేతితో రేకు అతికించిన కాగితాలు, సన్నటి గాజుపూసలు పొదిగినవి కూడా ఉన్నాయి గానీ వాటిని సొంతంగా అంటించుకునే ప్రయత్నం చేయకపోవడం మంచిది.

ఎన్ని రోల్స్ కావాలి?

యూరప్ కొలతల రోల్ 53 సెంటీమీటర్ల వెడల్పు, 10.05 మీటర్ల పొడవు ఉంటుంది. మన దుకాణాల్లో దాన్నే 57 చదరపు అడుగుల రోల్ అంటారు. కొరియా నుంచి వచ్చే పెద్ద రోల్స్ వెడల్పు దాదాపు రెట్టింపు, 1.06 మీటర్లు. గోడ వైశాల్యాన్ని 57తో భాగించి లెక్క చెప్పే అలవాటు చాలామందికి ఉంది. ఆ లెక్క మోసం చేస్తుంది. 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గోడ తీసుకుందాం. వైశాల్యం 120 చదరపు అడుగులు, రెండు రోల్స్‌కు కాస్త ఎక్కువ అనిపిస్తుంది. కానీ లెక్కించాల్సింది నిలువు పట్టీలను. 366 సెంటీమీటర్ల వెడల్పుకు 53 చొప్పున ఏడు పట్టీలు కావాలి. పైనా కిందా ఐదేసి సెంటీమీటర్లు వదిలితే ఒక్కో పట్టీ 315 సెంటీమీటర్లు. ఒక రోల్‌లో మూడు పట్టీలే వస్తాయి, కాబట్టి మూడు రోల్స్ తప్పవు. డిజైన్ ప్రతి 64 సెంటీమీటర్లకు తిరిగి వస్తుంటే పట్టీని 320కి కోయాలి, అప్పటికీ మూడు రోల్స్ సరిపోతాయి. అదే 90 సెంటీమీటర్లకు తిరిగి వచ్చే పెద్ద డిజైన్ అయితే పట్టీ 360 అవుతుంది, రోల్‌కు రెండే పట్టీలు, మొత్తం నాలుగు రోల్స్.

రోల్స్ అన్నిటి మీదా బ్యాచ్ నంబరు ఒకటే ఉండాలి. ఒక బ్యాచ్‌కూ మరో బ్యాచ్‌కూ మధ్య రంగులో ఉండే రవ్వంత తేడా మామూలు కాగితంలో కనిపించకపోయినా లోహపు కాగితంలో పట్టీ పట్టీకీ తెలిసిపోతుంది. తరువాత మరమ్మతుకు పనికొచ్చేలా ఒక రోల్ అదనంగా కొనడం దుబారా కాదు.

చీటీ మీద ముద్రించిన గుర్తులను కూడా చదవాలి. అలల గుర్తు ఎన్నిసార్లు ఉంటే అంత తడి తట్టుకుంటుంది. సూర్యుడి గుర్తు వెలుగుకు రంగు నిలిచే తీరును చెబుతుంది. ఒకటి పైకీ ఒకటి కిందికీ చూసే బాణాలు ఉంటే, పట్టీ విడిచి పట్టీని తలకిందులుగా అంటించాలని అర్థం. డిజైన్ లేని లోహపు కాగితాల్లో ఇది తరచుగా ఉంటుంది. రోల్ ఒక అంచు నుంచి మరో అంచుకు మెరుపు కొద్దిగా మారుతుంది. తిప్పి అంటిస్తే ఒకే రకమైన అంచులు పక్కపక్కన చేరి అతుకు కనిపించదు.

గోడ

ఈ పనిలో మూడు వంతులు గోడదే. కాగితం చేతిలోకి రాకముందే ఫలితం నిర్ణయమైపోతుంది.

కొత్త సిమెంటు ప్లాస్టరు మీద ఫాయిల్ ఎంత మాత్రం పనికిరాదు. సిమెంటుకు, సున్నానికి క్షారగుణం ఎక్కువ, క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది. తడి, క్షారం కలిస్తే రేకు మీద ముందు బూడిదరంగు మచ్చలు, ఆపైన సన్నని రంధ్రాలు పడతాయి. ప్లాస్టరు క్యూరింగ్ పూర్తయి, బాగా ఆరాకే పని మొదలుపెట్టాలి. క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ తప్పనిసరి.

చెమ్మ సంగతి తేల్చుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ఒకటిన్నర అడుగుల చదరపు పాలిథీన్ ముక్కను గోడకు ఆనించి నాలుగు అంచులకూ గాలి చొరబడకుండా టేపు వేసి ఒక రోజు వదిలేయాలి. లోపలి వైపు నీటి చుక్కలు పట్టినా, గోడ రంగు ముదిరినా ఆ గోడ సిద్ధంగా లేదు. బాత్రూమ్‌ను ఆనుకున్న గోడ, వాన కొట్టే బయటి గోడ, నేల నుంచి నెమ్ము ఎక్కే కింది అంతస్తు గోడ, ఈ మూడింటికీ లోహపు కాగితం వద్దనే చెప్పాలి. మామూలు కాగితంలో నుంచి తేమ కొంతైనా బయటికి పోతుంది. లోహపు పొరలో నుంచి పోదు. లోపలే ఉండి బూజు పట్టిస్తుంది.

ఆ తరువాత లప్పం. రెండు పూతలు పెట్టి, ఆరాక సన్న శాండ్ పేపర్‌తో రుద్ది, దుమ్మంతా తుడవాలి. గోడ నున్నగా ఉందో లేదో పగటి వెలుగులో చూస్తే సరిపోదు. చీకటిపడ్డాక లైట్లు ఆర్పి, టార్చిని గోడకు ఆనించినట్టు పక్క నుంచి పట్టుకోవాలి. పగలు కనిపించని లప్పం రేకు గీతలు, గుంటలు, శాండ్ పేపర్ చుట్లు ఆ వెలుగులో నీడలు వేస్తాయి. వాటి చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టి, మళ్లీ లప్పం పెట్టి మళ్లీ రుద్దాలి. విసుగు పుట్టే పనే, కానీ ఇక్కడ మిగిల్చిన ప్రతి సున్నా తరువాత మెరుపులో బయటపడుతుంది. ఖరీదైన ఫాయిల్ అయితే ముందు లైనింగ్ పేపర్ అనే సాదా కాగితాన్ని అడ్డంగా అంటించి, దాని మీద అసలు కాగితాన్ని నిలువుగా వేస్తారు. అడ్డం, నిలువు కావడం వల్ల ఒకదాని అతుకులు మరోదాని అతుకుల కింద పడవు. జిగురులోని తేమను కూడా ఆ కాగితం కొంత పీల్చుకుంటుంది.

అంటించడం

ముందు మెయిన్ ఆపాలి. తడి జిగురు, లోహపు రేకు, తెరిచిన స్విచ్ బోర్డు ఒకచోట చేరితే ప్రాణాపాయం. మామూలు వాల్‌పేపర్‌ను స్విచ్ ప్లేటు కిందికి కొద్దిగా దోపి అంచు దాస్తారు. లోహపు కాగితాన్ని అలా దోపకూడదు. ప్లేటు బయటి అంచు వెంబడి నీటుగా కోసి ఆపేయాలి. రేకు కరెంటును మోస్తుంది. లోపల ఏ తీగ ఊడి తగిలినా గోడంతా షాక్ కొట్టే ప్రమాదం ఉంది. కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే ఆర్‌సీసీబీ ఇంట్లో లేకపోతే ఈ కాగితం కన్నా ముందు దాన్ని పెట్టించుకోవాలి.

మొదటి గీత తూకం గుండుతో గానీ, రసమట్టంతో గానీ నిటారుగా గీయాలి. గది మూలలు నిటారుగా ఉంటాయని నమ్మి మూల నుంచి మొదలుపెడితే ఏడో పట్టీకి డిజైన్ పక్కకు ఒరిగిపోతుంది. గీత పెన్సిల్‌తోనే ఉండాలి, పెన్ను సిరా కాగితంలో నుంచి పైకి తేలవచ్చు. పట్టీలన్నీ ముందే కోసి, వెనకవైపు పై అంచున వరుస నంబర్లు వేసుకుంటే తలకిందుల గందరగోళం ఉండదు.

జిగురు బూజును అడ్డుకునే మందు కలిపినది అయి ఉండాలి. సినిమా పోస్టర్లకు వాడే మైదా జిగురు ఇక్కడ పనికిరాదు. గాలి ఆడని పొర కింద మైదా బూజుకు మేత. నాన్‌వోవెన్ రకానికి జిగురును గోడకే రోలర్‌తో, పట్టీ వెడల్పు కన్నా రెండు మూడు అంగుళాలు ఎక్కువగా పూస్తారు. పొడి పట్టీని పై నుంచి ఆనిస్తూ దిగుతారు. కాగితపు వెనకపొర అయితే పట్టీకే జిగురు పూసి కొన్ని నిమిషాలు నానబెట్టాలి. ఆ సమయంలో పట్టీని వదులుగా చుట్టాలే తప్ప మడిచి నొక్కకూడదు. రేకు మీద పడిన మడత మరి పోదు.

సాఫు చేయడానికి ప్లాస్టిక్ పట్టీ వద్దు. మెత్తని బ్రష్షు, లేదా గుడ్డ చుట్టిన రోలర్ వాడి, మధ్య నుంచి అంచులకు నెమ్మదిగా గాలి తోయాలి. పట్టీలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా అంచుకు అంచు ఆనాలి. జరపాల్సి వస్తే రెండు అరచేతులతో మొత్తం పట్టీని జరపాలి, అంచు పట్టి లాగితే పొర సాగి, ఆరాక వెనక్కి ముడుచుకుని అతుకు దగ్గర తెల్లగా నోరు తెరుస్తుంది. పైకి వచ్చిన జిగురును అప్పటికప్పుడే శుభ్రమైన తడి స్పాంజితో అద్ది, పొడిగుడ్డతో తుడవాలి. ఆరిన జిగురు మెరుపు మీద పాలమబ్బులా మిగిలిపోతుంది, రుద్దితే పూత లేస్తుంది. కత్తి బ్లేడును దాదాపు ప్రతి కోతకూ మార్చాలి. మొద్దుబారిన బ్లేడు రేకును కోయదు, చింపుతుంది. మూల దగ్గర పట్టీని సెంటీమీటరు రెండు సెంటీమీటర్లకు మించి తిప్పకుండా అక్కడ కోసి, పక్క గోడ మీద కొత్త గీత గీసి మళ్లీ మొదలుపెట్టాలి.

మూడు పట్టీలు అయ్యాక ఆగి, గదిలో నాలుగు చోట్ల నిలబడి చూడాలి. రంగు తేడా, అచ్చు లోపం ఉంటే అప్పుడే తెలుస్తుంది, చాలా కంపెనీలు మూడు పట్టీలు దాటాక ఫిర్యాదు తీసుకోవు. పని పూర్తయ్యాక త్వరగా ఆరాలని ఫ్యాను, ఏసీ వేయడం మన ఇళ్లలో సాధారణంగా జరిగే పొరపాటు. అంచులు ముందు ఆరి ముడుచుకుంటాయి. తలుపులు మూసి నిదానంగా ఆరనివ్వాలి. చిన్న బుడగలు నాన్‌వోవెన్‌లో వాటంతటవే అణుగుతాయి. ఫాయిల్‌లో ఉండిపోయిన బుడగకు సన్న సూదితో కన్నం చేసి వేలితో మెల్లగా అదమాలి.

ఎక్కడ, ఎంత

గదిలో ఒక్క గోడ చాలు. నాలుగు గోడలూ మెరిస్తే వెలుగు ఎటు నుంచి వస్తోందో కంటికి తెలియక అలసట పుడుతుంది. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ కన్నా పక్క గోడ మీద లోపాలు ఎక్కువ కనిపిస్తాయి. పక్క నుంచి పడే వెలుగే టార్చి చేసిన పనిని రోజంతా చేస్తుంది. టీవీ వెనక అద్దంలాంటి ఫాయిల్ వేస్తే తెర వెలుగంతా దాని మీద ఆడుతుంది, అక్కడ మసక రకమే వేసుకోవాలి. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలి అల్యూమినియాన్ని గుచ్చి తింటుంది. అక్కడ నిజమైన ఫాయిల్ జోలికి పోకుండా అభ్రకపు మెరుపు రకం ఎంచుకోవాలి.

లోహపు రేకు రేడియో తరంగాలను కూడా తిప్పికొడుతుంది. వైఫై రౌటర్‌కూ పడగ్గదికీ మధ్య గోడకు నిండా ఫాయిల్ వేస్తే సిగ్నల్ పలచబడుతుంది. అచ్చువేసిన రకాలతో ఈ ఇబ్బంది పెద్దగా ఉండదు. ఈ గుణాన్నే పనికి తెచ్చుకుంటూ ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు 2012లో వెండి సిరాతో గీతలు అచ్చేసి, వైఫైని ఆపి మొబైల్ సంకేతాలను పోనిచ్చే గోడకాగితం తయారుచేసి చూపారు.

శుభ్రం చేయడం, తీయడం

దుమ్ము దులపడానికి మెత్తని పొడిగుడ్డ చాలు. చీటీ అనుమతిస్తే కొద్దిగా తడిపిన గుడ్డ వాడవచ్చు. వెనిగర్, నిమ్మరసం, బ్లీచింగ్ ద్రవం, గరుకు స్క్రబ్బరు, ఇవేవీ లోహపు పూత మీదికి రాకూడదు. మంచం, కుర్చీ వీపులు గోడకు రాసుకోకుండా రెండు అంగుళాల ఎడం ఉంచాలి.

నాన్‌వోవెన్ రకాన్ని తీయాలంటే కింది మూల పట్టి లాగితే పట్టీ పట్టీగా పొడిగానే వచ్చేస్తుంది. కాగితపు వెనకపొర ఉన్న ఫాయిల్ అలా రాదు. పైన నీళ్లు చల్లినా లోపలికి దిగవు. ముందు పై పొర మీద సన్నని గాట్లు పెట్టాలి, లేదా పై పొరను ఒలిచేయాలి. అప్పుడు మిగిలిన కాగితాన్ని గోరువెచ్చటి నీళ్లతో నానబెట్టి వెడల్పాటి లప్పం రేకుతో గీరాలి. ఇక్కడ కూడా కరెంటు ఆపే పని మొదలుపెట్టాలి. ఒలిచిన రేకు ముక్కలు లోహం, ప్లాస్టిక్, కాగితం కలిసినవి కాబట్టి పాత పేపర్లవాడికి వేయడానికి పనికిరావు. గోడ మీద మిగిలిన జిగురును పూర్తిగా కడిగి, ఆరనిచ్చి, మళ్లీ ఒక పూత ప్రైమర్ వేశాకే ఆ గోడ తరువాతి కాగితానికో, రంగుకో సిద్ధమవుతుంది.